హోం సెక్రటరీ గారూ, ఇది కట్నం కాదా?

గౌరవనీయులైన బ్రిటన్ హోం సెక్రటరీ గారికి,

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ సోషల్ టీచరు నమస్కారాలతో రాస్తున్నది.

మీకు తెలుగు రాదని తెలుసు. మీ వీసా దరఖాస్తుతో పెట్టే ఏ కాగితమైనా ఇంగ్లిషులోనో వెల్ష్‌లోనో లేకపోతే అనువాదం చేయించి, చేసినవారి పేరు, సంతకం, తేదీతో సహా జతపరచాలని మీ నిబంధన. మా పిల్లల శుభలేఖ ముందేసుకుని, "సుముహూర్తము" అన్న మాటని ఇంగ్లిషులోకి ఎలా దించాలా అని మేం ఒక పూటంతా తలలు పట్టుకున్నాం. మా కాగితాలన్నిటికీ మేమే డబ్బు పెట్టి అనువాదం చేయించుకుంటున్నాం కాబట్టి, ఈ ఒక్క కాగితం ఖర్చూ మీరు పెట్టుకోండి.

అడగదలుచుకున్నది ఒకటే. మీ దేశ పౌరురాలు, పన్ను కడుతూ ఒళ్ళొంచి పనిచేసుకుంటున్న మనిషి, పెళ్ళాడిన మొగుడితో తన సొంత ఊళ్ళో కాపరం చెయ్యాలంటే ఏడాదికి 29,000 పౌండ్లు సంపాదించి తీరాలని ఏ న్యాయం చెబుతోంది?

ఆ మనిషి మా చెల్లెలి కూతురు. చెల్లెలు నర్సు. మీ ఆసుపత్రులకి నర్సులు చాలక మా దేశం నుంచి పిలిపించుకున్న రోజుల్లో, తొమ్మిదేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని లెస్టర్ వెళ్ళింది. ఆ పిల్ల అక్కడే చదివింది, అక్కడే పౌరసత్వం తీసుకుంది, ఇప్పుడు అక్కడే ఒక నర్సరీలో పసిపిల్లల్ని సాకే ఉద్యోగం చేస్తోంది. వారానికి ముప్ఫై ఏడున్నర గంటలు. జీతం మీ ప్రభుత్వమే కట్టిన కనీస వేతనం. 2025 ఏప్రిల్‌లో గంటకి 12.21 పౌండ్లు చేశారు. ఏడాది పొడుగునా ఒక్క వారం మానకుండా లెక్కేసినా 23,800 చిల్లర. అంటే మీ చట్టం ప్రకారం ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని యజమానికి చెప్పేదీ మీరే, ఆ జీతం మనిషి సంసారానికి చాలదని తేల్చేదీ మీరే. ఈ రెండు మాటల్లో ఏది నమ్మమంటారు?

పెళ్ళి 2024లో తెనాలిలో చేశాం. మాఘంలో ముహూర్తాలున్నాయన్నారు పంతులుగారు. అమ్మాయికి నర్సరీలో సెలవు దొరకలేదు. పోనీలే, ఉగాది వెళ్ళాక చేద్దామనుకున్నాం. అప్పటికి మీ గీత 18,600 పౌండ్ల దగ్గర ఉండేది, 2012 జూలైలో థెరిసా మే గారు హోం సెక్రటరీగా ఉండగా గీసినది. అమ్మాయి జీతం 20,000 దాటే ఉంది. ఇంకేం, గట్టెక్కినట్టే అనుకున్నాం. 2023 డిసెంబరులో మీ కుర్చీలో కూర్చున్న జేమ్స్ క్లెవర్లీ గారు ఆ గీతని ఒకేసారి 38,700కి తీసుకెళతామని ప్రకటించారని, గోల లేచాక ఆ నెలలోనే కాస్త తగ్గి ముందు 29,000 అన్నారని, మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెనాలిలో పెళ్ళిపనులు చేసుకునేవాళ్ళు వెస్ట్‌మినిస్టర్ వార్తలు చదవరు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9. మీ కొత్త గీత అమల్లోకి వచ్చింది ఏప్రిల్ 11.

ముహూర్తాల పట్టింపు మాకే ఉందనుకునేదాన్ని. ఏప్రిల్ 10న దరఖాస్తు పెట్టిన భార్య మొగుణ్ణి పోషించగలదు, అదే జీతంతో ఏప్రిల్ 11న పెట్టిన భార్య పోషించలేదు అని చెప్పడానికి మీ దగ్గర ఏ పంచాంగం ఉంది?

ఇక మీ లెక్కల సంగతి. అల్లుడు విజయవాడలో సివిల్ ఇంజినీరు. ఇక్కడ అతను సంపాదించేది మీ లెక్కలోకి రాదు. లెస్టర్‌లో ఎవరైనా ఉద్యోగం ఇస్తామని కాగితం రాసిచ్చినా, అతను మీ దేశం బయట ఉన్నంతకాలం అదీ రాదు. చెల్లెలికి సొంత ఇల్లుంది, పిల్లలకి అద్దె కట్టే పని లేదు. ఆ మిగులూ మీ 29,000లో కలవదు. నెలనెలా నా జీతంలోంచి ఇంత ఇస్తానని చెల్లెలు సంతకం పెడతానంది. 'అసాధారణ పరిస్థితులు' అని మీరు ఒప్పుకుంటే తప్ప అదీ చెల్లదట. మొగుడూ పెళ్ళాం ఒక ఇంట్లో ఉండాలనుకోవడం అంత అసాధారణమైన కోరిక ఎప్పుడయింది? అమెరికాని మెచ్చుకునే అలవాటు నాకు లేదు గాని, అక్కడ కూడా స్పాన్సర్ చేసేవారి ఆదాయం చూస్తారు. పేదరికపు గీతకి 125 శాతం ఉంటే చాలంటారు, అదీ లేకపోతే తల్లో తండ్రో స్నేహితుడో పక్కన నిలబడి జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెట్టొచ్చంటారు. ఆ సంతకం పెట్టినవాణ్ణి తరవాత కోర్టుకీడ్చే హక్కు కూడా వాళ్ళకుంది. మీకు మాత్రం కన్నతల్లి మాట మీద నమ్మకం లేదు.

కానీ ఒకటి చెల్లుతుంది. రొక్కం. జీతం ఎంత తక్కువైందో దానికి రెండున్నర రెట్లు, దానిమీద ఇంకో 16,000 పౌండ్లు కలిపి, ఆరు నెలలపాటు కదలకుండా బ్యాంకులో చూపిస్తే మీరు తలుపు తీస్తారు. మా అమ్మాయికి తక్కువైన ఆ ఐదు వేల చిల్లరకి లెక్కేస్తే దగ్గర దగ్గర 29,000 పౌండ్లు, మా డబ్బులో 33 లక్షలు. అసలు జీతమే లేనివాళ్ళకైతే 88,500 పౌండ్లు, ఇవాళ్టి మారకంలో కోటి రూపాయల పైమాట. ఆ డబ్బు భార్య పేరో భర్త పేరో ఉండాలి. అప్పు తెచ్చింది కాకూడదు, కన్నవాళ్ళు ఇచ్చేస్తే ఫరవాలేదు. నెలనెలా ఆదుకుంటానంటే కుదరదు, ఒక్కసారిగా మొత్తం పిల్లల పేర వేసి చూపిస్తే కుదురుతుంది.

దీన్ని మా ఊళ్ళో కట్నం అంటారండీ. మా దేశంలో 1961లోనే దాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. చట్టం ఉన్నా మావాళ్ళు మానలేదు, ఆ సిగ్గు మాది. పెళ్ళయ్యాక వధూవరులు ఒక గడప లోపల ఉండటానికి ఇంత రొక్కం చూపించాలని ఒక ప్రభుత్వమే రూలు రాసుకోవడం మాత్రం నా డెబ్బై ఏళ్ళలో మీ దగ్గరే చూశాను.

పిల్లే ఇండియా వెళ్ళి ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. మీ శాఖ కాగితాల్లో ఈ మాట చాలా చోట్ల, చాలా మర్యాదగా కనిపిస్తుంది. ఉండొచ్చు. తల్లికి మోకాళ్ళు అరిగిపోయినా, తను పెరిగిన ఊరు అదే అయినా, వదిలేసి రావచ్చు. వచ్చాక, నాలుగేళ్ళకో ఐదేళ్ళకో ఇద్దరూ కలిసి లెస్టర్ వెళ్దామనుకుంటే అప్పుడేమవుతుంది? ఇక్కడినుంచే కలిసి వెళ్ళాలంటే ఆమె ఇండియాలోనే 29,000 పౌండ్లకి సరిపడా జీతం తీసుకుంటూ ఉండాలి, పైగా అక్కడ అంత జీతమున్న ఉద్యోగం చేతిలో ఉండాలి. ఏడాదికి 33 లక్షలు! విజయవాడలో ఎంతమంది నర్సరీ టీచర్లకి ఆ జీతం ఉంది? లేదు కాబట్టి ఆమె ఒక్కతే ముందు వెళ్ళాలి. ఉద్యోగం వెతుక్కోవాలి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలల జీతం చీటీలు పోగుచెయ్యాలి. అప్పుడు దరఖాస్తు. ఆ తరవాత మీ జవాబు కోసం నెలలు. అంటే అప్పటిదాకా ఒక కప్పు కింద బతికిన సంసారాన్ని మీ రూలు కోసం తీసుకెళ్ళి విడగొట్టి, దాదాపు ఏడాది దూరంగా పెట్టి, ఆపైన మీరు అడిగేదేమిటి? "మీ ఇద్దరి బంధం నిజమైనదేనని, నిలిచి ఉందని రుజువు చూపించండి" అని. వాట్సాప్ కాల్స్ జాబితా, ఫొటోలు, టికెట్లు. కలిసున్నవాళ్ళకి వాట్సాప్‌తో పనేముంది?

చుట్టపుచూపుగా విజిటర్ వీసా మీద వెళ్ళి రావచ్చు గదా అని మా బంధువులే సలహా ఇస్తుంటారు. ఆరు నెలల దాకా ఇస్తారు నిజమే. అక్కడుండగా స్పౌజ్ వీసాకి మారడానికి మాత్రం వీల్లేదు, మళ్ళీ వెనక్కొచ్చి ఇక్కణ్ణించి పెట్టుకోవాలి. పైగా వీసా అడిగేటప్పుడు కచ్చితంగా తిరిగి వచ్చేస్తానని నమ్మించాలి. పెళ్ళాం బిడ్డా అక్కడున్నవాడు, వాళ్ళని వదిలి వచ్చేస్తానని ఒట్టు వేస్తే మంచివాడు, వాళ్ళతోనే ఉండాలనుంది అంటే అనుమానితుడు. మీ కౌంటరులో కూర్చునే ఉద్యోగికి సొంత పిల్లలుంటే ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఏమనిపిస్తుందో.

అవును, బిడ్డ. పెళ్ళయిన ఏడు దసరాకి అమ్మాయి వచ్చి మూడు వారాలుండి వెళ్ళింది. మరుసటి ఏడు లెస్టర్‌లో బాబు పుట్టాడు. పుట్టుకతో మీ పౌరుడు. వాడికి ఆరో నెల వచ్చాక అన్నప్రాసనకి తెనాలి తీసుకొచ్చింది. అల్లుడు గన్నవరం విమానాశ్రయంలో వాణ్ణి మొదటిసారి ఎత్తుకున్నాడు. అప్పటిదాకా ఫోనులో రోజూ ఆ మొహం చూసి కేరింతలు కొట్టిన పిల్లాడు, ఎదురుగా అదే మొహం పెద్దగా కనపడేసరికి గుక్కపట్టి ఏడ్చాడు. మూడో రోజుకి గాని దగ్గరికి రాలేదు. అన్నప్రాసన పీటల మీద ముందు పుస్తకం, డబ్బు, బంగారం, మట్టి అన్నీ పెట్టాం. వాడు పాక్కుంటూ వెళ్ళి పక్కనున్న వాళ్ళమ్మ ఫోను పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. అల్లుడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మీ ఇంగ్లండ్‌లోనే పిల్లల హక్కుల కోసం చిల్డ్రన్స్ కమిషనర్ అని ఒక పదవి ఉంది. 2015లో ఆ కార్యాలయం వేయించిన నివేదిక ఇలాంటి కుటుంబాలకి 'స్కైప్ కుటుంబాలు' అని పేరు పెట్టింది, వాటిలోని బిడ్డలు కనీసం 15,000 మంది ఉంటారని అంచనా కట్టింది. అది 18,600 నాటి మాట. 2017 ఫిబ్రవరిలో మీ సుప్రీంకోర్టు ఆదాయపు గీతని కొట్టెయ్యకపోయినా, పిల్లల మేలు చూడాల్సిన బాధ్యతని మీ నిబంధనలు పట్టించుకోలేదని తప్పుపట్టింది. ఆ తరవాత మీరు గీతని తగ్గించారా? పెంచారు.

ఇంకో విచిత్రం చెబుతాను, మీరే రాసుకున్న రూలు. బ్రిటిష్ బిడ్డకి తండ్రి అయిన విదేశీయుడు, బిడ్డ తల్లితో తెగతెంపులు చేసుకుని, బిడ్డని చూసుకునే హక్కుని మాత్రం అట్టేపెట్టుకున్నాడనుకోండి. అతనికి వేరే దారి ఉంది, పేరెంట్ రూట్ అంటారు. అక్కడ ఈ 29,000 గీత లేదు. ఖర్చులకి సరిపడా ఉంటే చాలు. తల్లితో కలిసున్న తండ్రికి మాత్రం ఆ దారి మూసేశారు. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు మా వియ్యపురాలు, "అయితే వదినా, కాగితం మీద విడాకులు..." అని మొదలుపెట్టి, తన మాట తనకే విని నాలిక్కరుచుకుంది. ఒక పల్లెటూరి ఇల్లాలి నోటివెంట ఆ మాట రప్పించిన ఘనత ఎవరిదండీ? కుటుంబం అనే మాటకి మీ నిబంధనల పుస్తకంలో అర్థం ఏం రాసుకున్నారు?

దొంగ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి, అందుకే ఇన్ని కట్టుబాట్లు అంటారు. జరుగుతున్నాయి. దాచను. స్టూడెంట్ వీసా మీద వెళ్ళేవాళ్ళు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్ళే వీలున్న రోజుల్లో, అమ్మాయికి ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిషు పరీక్షలో మార్కులుంటే చాలు, ఖర్చంతా మాదే అని సంబంధాలు మాట్లాడుకున్న ఇళ్ళు మా జిల్లాలోనే ఎరుగుదును. 2024 జనవరి నుంచి ఆ దారి చాలామటుకు మూసేశారు. ఆ ఏడు మార్చిలో కేర్ వర్కర్లుగా వచ్చేవాళ్ళ డిపెండెంట్లనీ ఆపేశారు. వాటి మంచిచెడ్డల గురించి ఇంకోసారి పోట్లాడతాను. కానీ దొంగ పెళ్ళి చేసుకునేవాడికి డబ్బు ఉండదని మీకెవరు చెప్పారు? డబ్బుంటేనే దొంగ పెళ్ళి కుదురుతుంది. జీతం చీటీ చూస్తే మనిషి సంపాదన తెలుస్తుంది, మనసు ఎలా తెలుస్తుంది?

మనసు కూడా తెలుసుకోవాలని మీ శాఖ ప్రయత్నించకపోలేదు. బళ్ళో పాఠం చెప్పినదాన్ని, చరిత్ర ఎత్తకుండా ఉండలేను. 1979 జనవరిలో హీత్రూ విమానాశ్రయంలో ముప్ఫై ఐదేళ్ళ భారతీయ టీచరు ఒకామె దిగింది. అక్కడున్న కాబోయే భర్తని పెళ్ళాడటానికి వచ్చింది. ఆ రోజుల్లో పెళ్ళయిన భార్య రావాలంటే ఇక్కడే పెద్ద క్యూలో నెలలు, ఏళ్ళు ఎదురుచూడాలి. మూడు నెలల్లో పెళ్ళాడబోయే అమ్మాయికి ఆ క్యూ లేదు. క్యూ తప్పించుకోవడానికి పెళ్ళయిన మనిషి కన్నెపిల్లనని అబద్ధం చెబుతోందేమోనని మీ అధికారులకి అనుమానం. అందుకని ఆమెకి కన్యాత్వ పరీక్ష చేయించారు. వార్త పేపర్లో పడ్డాక ఆపేశారు. అది ఒక్కసారి జరిగిన పొరపాటు కాదని, ఇండియాలోని మీ కార్యాలయాల్లో కనీసం 80 మంది ఆడవాళ్ళకి ఆ పరీక్ష చేశారని 2011లో మీ పాత ఫైళ్ళే బయటపెట్టాయి. ఎందుకు జరిగిందది? మొగుడూ పెళ్ళాల మధ్య ఎడబాటుని మీరే పెంచారు. ఆ ఎడబాటుని తగ్గించుకునే దారి వెతుక్కున్న ప్రతి ఆడదీ మీకు దొంగలాగా కనిపించింది.

ఆ తరవాత 'ప్రైమరీ పర్పస్' అని ఇంకో రూలు వచ్చింది. ఈ పెళ్ళి ముఖ్యంగా బ్రిటన్ రావడానికి చేసుకున్నది కాదని రుజువు చెయ్యాలి. లేనిది లేదని ఎవరైనా ఎలా రుజువు చేస్తారు? పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు మీ అధికారులకి అర్థం కావు, ప్రేమలేఖలు చూపించమంటే మా పిల్లల దగ్గర ఉండవు. 1997లో లేబర్ ప్రభుత్వం వచ్చీ రాగానే ఎత్తేశారు. ఎత్తేసింది మీ పార్టీయే, మంత్రిగారూ. గుర్తుందా?

మగవాడు భార్యని తెచ్చుకోవడం సులువు, ఆడది భర్తని తెచ్చుకోవడం కష్టం అన్నట్టు మీ రూళ్ళు ఉండేవి. 1985లో ముగ్గురు స్త్రీలు స్ట్రాస్‌బర్గ్ మానవహక్కుల కోర్టుకెక్కి అది వివక్షేనని గెలిచారు. మీరు సమానత్వం ఎలా తెచ్చారో చూడండి: ఆడవాళ్ళకి సులువు చెయ్యలేదు, మగవాళ్ళకి కూడా కష్టం చేశారు.

1992లో సురీందర్ సింగ్ కేసు వచ్చింది. భారతీయుడైన అతనూ బ్రిటిష్ పౌరురాలైన భార్యా జర్మనీ వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చారు. అలా యూరప్‌లో ఇంకో దేశంలో పనిచేసి వచ్చిన పౌరురాలి భర్తకి, ఆ దేశంలో దొరికిన హక్కులే సొంత దేశంలోనూ ఉండాలని యూరప్ కోర్టు తేల్చింది. 2012లో మీరు గీత గీశాక, జీతం చాలని బ్రిటిష్ వాళ్ళు బోలెడుమంది ఐర్లండ్ వెళ్ళి, మొగుడితోనో పెళ్ళాంతోనో కలిసి కొన్ని నెలలు కాపరం పెట్టి, అక్కడే పనిచేసి ఆ దారిన ఇంటికొచ్చారు. సొంత ఇంటికి వెళ్ళడానికి పొరుగుదేశం మీదుగా చుట్టుదారి! అయినా ఎడబాటు లేని దారి అది. బ్రెగ్జిట్‌తో అదీ పోయింది. 2022 మార్చి 29తో తలుపు గడియ పెట్టేశారు.

మీ దేశస్థుడి కథ ఒకటి మా దగ్గర కూడా ఉంది. హైదరాబాద్ కోఠీలో ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న పాత రెసిడెన్సీ భవనం కట్టించింది జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, నిజాం దగ్గర మీ ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. ఇక్కడి ఖైరున్నీసా బేగంని పెళ్ళాడాడు. ఇద్దరు పిల్లలు. 1805లో ఆ పసివాళ్ళని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపించేశారు. అదే ఏడు అతను కలకత్తాలో చనిపోయాడు. ఆ తల్లి మళ్ళీ పిల్లల మొహం చూడకుండానే 1813లో పోయింది. ఆ భవనంలోకి మా స్కూలు పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినప్పుడల్లా పాత కాలపు దుర్మార్గం అని చెప్పేదాన్ని. ఓడల కాలం గదా అని.

పన్ను కట్టేవాళ్ళ మీద భారం పడకూడదనే ఈ గీత అని మీ శాఖ అంటుంది. ఆ మాటా చూద్దాం. స్పౌజ్ వీసా మీద వచ్చినవాడికి ప్రభుత్వ భృతులు ముట్టుకునే హక్కే లేదు, వీసా మీదే రాస్తారు. ఆసుపత్రికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జి ముందే కట్టించుకుంటారు. 2025 ఏప్రిల్ రేట్ల ప్రకారం మొదటి వీసాకి 1,938 పౌండ్లు, దాని సర్‌ఛార్జి 3,105. రెండున్నరేళ్ళు దాటాక పొడిగింపుకి ఫీజూ సర్‌ఛార్జీ మళ్ళీ. ఐదేళ్ళకి శాశ్వత నివాసానికి ఇంకో 3,029. అంతా కూడితే 12,000 పౌండ్లకి దగ్గర. ఈలోగా అతను ఉద్యోగం చేసి పన్నూ కడతాడు, మీ నేషనల్ ఇన్సూరెన్సూ కడతాడు. భారం ఎవరి మీద ఎవరు వేస్తున్నారు? నిజమైన భారం ఇప్పుడు పడుతోంది చూడండి: మొగుడు పక్కన లేక, పసివాణ్ణి చూసేవాళ్ళు లేక, ఆ పిల్ల పని గంటలు తగ్గించుకోవాల్సి వచ్చేలా ఉంది. ఎక్కువ జీతం తెచ్చుకోమంటారు, తెచ్చుకోవడానికి తోడున్న మనిషిని రానివ్వరు.

మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మీ ప్రభుత్వమే మైగ్రేషన్ అడ్వైజరీ కమిటీని అడిగింది. 2025 జూన్‌లో వాళ్ళు నివేదిక ఇచ్చారు. 38,700 అన్న అంకె నిపుణులైన ఉద్యోగుల వీసాకి పెట్టుకున్నది, కుటుంబాలకి దానితో సంబంధం లేదన్నారు. 23,000కీ 25,000కీ మధ్య పెడితే, కనీస వేతనం మీద పూర్తికాలం పనిచేసే మనిషి సంసారం చేసుకోవచ్చని లెక్కలతో చూపించారు. మా అమ్మాయి జీతం సరిగ్గా ఆ మధ్యలో ఉంది. నివేదిక మీ బల్ల మీదుంది, గీత 29,000 దగ్గరే ఉంది. అడిగి చెప్పించుకున్న సలహాని బల్ల మీద ఎన్నాళ్ళు ఆరబెడతారు?

గీత తగ్గించండి. వచ్చే మనిషి సంపాదననీ, అతనికి అక్కడ దొరికిన ఉద్యోగాన్నీ లెక్కలోకి తీసుకోండి. తల్లిదండ్రుల హామీని అమెరికావాళ్ళలాగా రాయించుకుని నమ్మండి. విజిటర్‌గా వచ్చిన భర్త అక్కడుండగానే దరఖాస్తు పెట్టుకోనివ్వండి, మీరు ఎన్ని నెలలు తీసుకున్నా ఆ నెలలు బిడ్డ దగ్గరుంటాడు. కాగితాలు చూడటానికి మీకు కావలసినంత సమయం తీసుకోండి. ఆ సమయాన్ని వాళ్ళ కాపరంలోంచి కొయ్యకండి.

బ్రిటన్‌లో ఉన్న మన తెలుగు పిల్లలకి కూడా ఇక్కడే ఒక మాట. చదువుకోవడానికి వెళ్ళినా, ఉద్యోగానికి వెళ్ళినా, భారత పాస్‌పోర్టుతోనే ఉన్నా, కామన్వెల్త్ దేశస్థులుగా మీకు అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు పేరు నమోదు చేయించుకోరు. చేయించుకోండి. మీ ఎంపీ ప్రజల్ని కలిసే రోజున వెళ్ళి, ఆ కమిటీ నివేదిక ఏమైందని అడగండి. ఇవాళ మా ఇంటి గొడవ. రేపు మీలో ఎవరో ఒకరు అక్కడ పౌరసత్వం తీసుకుని, ఇక్కడి సంబంధం చేసుకుంటారు.

మంత్రిగారూ, మా వియ్యంకుడికి కొల్లూరు అవతల లంకలో ఎకరం అరటితోట ఉంది. వాళ్ళ నాన్న సంపాదించింది. పెళ్ళిలో పైసా కట్నం వద్దన్న మనిషి. ఇప్పుడు ఆ ఎకరం అమ్మి డబ్బు కొడుకు ఖాతాలో వేస్తానంటున్నాడు, ఆరు నెలలు కదలకుండా ఉంచి మీకు చూపించడానికి. అంటే ఈసారి కట్నం మగపెళ్ళివారు ఇస్తున్నారు, మీకు. కిందటి వారం అడ్వాన్సు తీసుకున్నాడు. రిజిస్ట్రేషనుకి మూడు నెలల గడువు పెట్టుకున్నారు. ఈలోగా మీరు గీత తగ్గిస్తే అడ్వాన్సు వెనక్కి ఇచ్చేస్తాడు.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక పెద్దమ్మ